మత్తు సారు అడిగిన ఒక్క కాగితం

పోయిన నెల ధర్మవరంలో నా క్లినిక్‌కి రొద్దం నుంచి ఒకామె జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొచ్చింది. నేను బిడ్డ రొమ్ము మీద స్టెతస్కోపు పెట్టాను. ఆమె నోరు మాత్రం ఆగలేదు.

"సార్, మీకు తెలిసిందో లేదో, మత్తు సారు పోయినాడంట గదా. మా పెద్దోడు పుట్టినప్పుడు నాకు మత్తిచ్చింది ఆయప్పే. దేవుడట్లాంటి మనిషి."

చెవుల్లో స్టెతస్కోపు ఉంది కానీ నాకేమీ వినబడలేదు. తీసి మళ్లీ పెట్టాను. బిడ్డను గట్టిగా ఊపిరి పీల్చమనాల్సింది పోయి తల్లిని పీల్చమన్నాను. ఆమె నిజంగానే పీల్చింది. మందు రాసిచ్చి పంపేశాక బయట కూర్చున్న నలుగురినీ సాయంత్రం రమ్మని చెప్పి తలుపు వేసుకున్నాను.

ఆయనకు అమ్మా నాయనా పెట్టిన పేరు ఒకటుంది. రాసినా ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి రాయను. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైల్వే గేటు మనుషులకీ, బస్సు కండక్టర్లకీ, కాన్పులు చూసే ఆయాలకీ ఆయన మత్తు సారే. కొత్తవాళ్లు ఆ పేరు విని పాపం తాగుబోతనుకునేవాళ్లు. ఒకసారి హిందూపురంలో ఇల్లు అద్దెకడిగితే, ఇంటామె పక్కింటివాళ్ల దగ్గర ఆయన పేరు విని వచ్చి, "తాగొచ్చి గలాటా చేస్తే మాత్రం ఒప్పుకునేది లేదు" అందట. "నేను తాగనమ్మా, ఊరందరికీ ఇస్తా" అని ఈయన నవ్వాడట. ఇల్లు దొరకలేదు.

ఆ రోజుల్లో హిందూపురం, ధర్మవరం, పెనుకొండ చుట్టుపక్కల సర్కారు ఆసుపత్రుల్లో కత్తి పట్టేవాళ్లు ఒకరో ఇద్దరో ఉండేవారు. మత్తిచ్చేవాడు మాత్రం ఆయనొక్కడే. ఉద్యోగం హిందూపురంలో. వారంలో రెండు రోజులు ధర్మవరం, ఒక రోజు పెనుకొండ వైపు అప్పట్లో నేను పనిచేసిన మా చిన్న ఆసుపత్రి. మా ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందో చెప్పను, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న వాళ్లకు నా మూలంగా మాట రాకూడదు. పేగు మెడకు చుట్టుకున్న బిడ్డకు ఈరోజు మత్తు సారు రోజా కాదా అని తెలియదు కదా. అందుకే మా నర్సమ్మ ఫోను ఎత్తితే మొదట అడిగే మాట ఒకటే: "మత్తు సారు యాడుండాడు?" ఆసుపత్రిలో లేడంటే రైల్వే స్టేషన్‌కు చేసేది. ప్యాసింజరు బండి ప్లాట్‌ఫారం మీద ఆగితే, స్టేషన్ మాస్టరు జనరల్ బోగీ కిటికీలన్నీ చూసుకుంటూ వచ్చి, "సార్, దిగండి, వెనక్కి పోవాలంట" అని చెప్పడం నేను కళ్లారా చూశాను. ఆయన విసుక్కోకుండా సంచి భుజాన వేసుకొని దిగేవాడు.

ఆ సంచిలో తువ్వాలు, ఆ తువ్వాలులో చుట్టిన లారింగోస్కోపు. అది గొంతులోకి వెలుతురు చూపే పరికరం. ఎక్కడ కూర్చున్నా దాన్ని తీసి బల్బు వెలుగుతున్నదో లేదో అరచేతి మీద చూసుకునేవాడు. బస్సులో, టీ అంగట్లో, పెళ్లి పంక్తిలో కూడా. ఒకసారి పంక్తిలో పక్కన కూర్చున్న పెద్దాయన అన్నం మానేసి లేచిపోయాడు.

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాళ్లను అంకెలు లెక్కపెట్టమనేవాడు కాదు. మా వైపు ఆడవాళ్లు చాలామందికి ఇరవై దాటితే తడబాటని, "మీ ఊర్నుంచి హిందూపురానికి బస్సు ఏయే ఊర్ల మీద పోతాదో చెప్పమ్మా" అనేవాడు. వాళ్లు ఉత్సాహంగా మొదలుపెట్టేవారు. పెనుకొండలో ఎక్కినవాళ్లలో సోమందేపల్లి దాటినవాళ్లు తక్కువ. "టికెట్టు అయిపోయింది" అని మా ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే మేడమ్‌కు సైగ చేసేవాడు. తర్వాత ఆపరేషన్ అయ్యేదాకా ఊపిరి దారి మూసుకోకుండా, ఎడమచేయి పడుకున్నామె దవడ కింద నుంచి తీసేవాడు కాదు. "నిద్రబుచ్చేది యవడైనా చేస్తాడప్పా. జోలపాట పాడినా నిద్రబోతారు. మల్ల లేపేదే మన పని" అనేవాడు నాతో.

మద్యనిషేధం రోజుల్లో జరిగింది ఒకటి చెప్పాలి. ఆసుపత్రికి మందులు రాలేదని ఆయనే బెంగళూరు పోయి తెచ్చుకుంటూ, తోడుకు నన్ను తీసుకెళ్లాడు. నేను అప్పటికి ఉద్యోగంలో కొత్త, ఉత్త ఎంబీబీఎస్. తిరిగొచ్చేటప్పుడు రాష్ట్రం సరిహద్దు చెక్‌పోస్టులో కానిస్టేబుల్ బస్సెక్కి, సంచిలో ఏముందని అడిగాడు. ఇంకొకడైతే ఇంజెక్షన్లనేవాడు. ఈయన సత్యహరిశ్చంద్రుడు.

"మత్తు మందప్పా" అన్నాడు.

బస్సంతా గొల్లుమంది. కానిస్టేబుల్ ఒక సీసా మూత తీసి వాసన చూసి, తల తిరిగి సీటు పట్టుకున్నాడు. ఇద్దర్నీ దింపేశారు. బస్సు పోయింది. హిందూపురంలో ఒకామె బల్ల మీదికి చేరే వేళ అయింది. నేను గుర్తింపు కార్డు చూపించి అరుస్తున్నాను. ఆయన మాత్రం బెంచీ మీద కూర్చొని కానిస్టేబుల్‌ను అడిగాడు:

"ఏమప్పా, పెండ్లయిందా? బిడ్డలుండారా?"

"ఒగడుండాడు. నీకేల?"

"యాడ కనింది మీ ఆడమనిషి?"

"హిందూపురంలో. ఆపరేషన్ అయింది."

"ఆపరేషన్ చేసినామె పేరు తెలుసునా?"

తెలుసన్నాడు, చెప్పాడు కూడా. "తలకాడ కూసున్నోని పేరు?" కానిస్టేబుల్ తెల్లమొహం వేశాడు. "నేనేప్పా" అన్నాడు ఈయన. చెప్పింది నిజమే, అప్పుడు హిందూపురంలో ఇంకెవరున్నారు గనక! కానిస్టేబులే ఒక లారీ ఆపి మమ్మల్ని ఎక్కించాడు. దారిలో నేను ఇంకా బుసకొడుతుంటే, "ఆయప్ప తప్పేముండాది? మనల్ని చూసిన రోగులుండరు. మనం వచ్చేపాటికి భయం, పొయ్యేపాటికి నిద్ర" అన్నాడు. ఆ మాటలో బాధ ఉందని నాకప్పుడు తట్టలేదు.

అయినా ఆయన అసలు బాధ తన పేరు జనానికి తెలియకపోవడం కాదు. తన తర్వాత ఎవరు అన్నదే. రిటైరయ్యే రోజు దగ్గరపడే కొద్దీ అది పిచ్చిలాగా ముదిరింది. స్పెషలిస్టు డాక్టర్లను తీసుకుంటున్నారని తెలిస్తే చాలు, సెలవు పెట్టి అనంతపురం పోయి, ఇంటర్వ్యూలు జరిగే ఆఫీసు గేటు దగ్గర బస్టాండులో క్లీనరులా నిలబడేవాడు. ఆయన్ను ఎవరూ పంపలేదు. మెడలో కొత్త స్టెతస్కోపుతో కారు దిగిన పిల్లలను ఆపి మా ఆసుపత్రి గురించి చెప్పేవాడు. క్వార్టర్సుకు సున్నం కొట్టించినాం, నీళ్లు రోజూ వస్తాయి, పొద్దున రైలెక్కితే బెంగళూరు చూసుకొని సాయంత్రానికి రావచ్చు, మేడమ్ చెయ్యి మంచిది, రక్తం ఎక్కువ పోనీదు. వాళ్లు మర్యాదగా విని, "చూస్తాం సార్" అనేవాళ్లు.

ఆ "చూస్తాం" అనే మాట ఆయనకు ఎన్నో ఏళ్లు అర్థం కాలేదు. పిల్లనడగడానికి పోయినా, చేబదులడగడానికి పోయినా మన దగ్గర "చూస్తాం" అంటే లేదనే. ఈయన మాత్రం ఆ మాటను మూటగట్టుకొని వచ్చి, "ముగ్గురు చూస్తామన్యారప్పా" అని మాకు చెప్పేవాడు. మేడమ్ నా వైపు చూసేది. నేను గోడ వైపు చూసేవాణ్ణి.

ఒకాయన నిజంగానే వచ్చాడు. ఉదయం చేరి సంతకం పెట్టాడు. మత్తు సారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటి నుంచి బొబ్బట్లు, మా వైపు ఓళిగలంటాం, చేయించుకొచ్చి ఆసుపత్రి అంతా పంచాడు. ఆ కొత్త డాక్టరు రెండు ఓళిగలు తిని, సాయంత్రం సెలవు చీటీ ఇచ్చి బెంగళూరు పోయాడు. మళ్లీ రాలేదు. రాకపోతే రాకపోయె, రాజీనామా కూడా ఇవ్వలేదు. అదే ముంచింది. ఖాళీల జాబితాలో మా ఆసుపత్రి మత్తు డాక్టరు పోస్టు ఎదురుగా "భర్తీ అయినది" అని పడింది. మనిషి లేడు, ఖాళీ కూడా లేదు. ఇంక ఎవరిని తీసుకోవాలన్నా ఆ గడి అడ్డం.

మత్తు సారు, నేను బెంగళూరు పోయి ఆ డాక్టరు పనిచేసే నర్సింగ్ హోము వెతుక్కున్నాం. డాక్టర్లను ఉద్యోగంలో చేరమని బతిమాలడం ఊళ్లో అందరికీ తెలుసు. మానెయ్యమని బతిమాలింది మాత్రం బహుశా ఈయనొక్కడే. "నువ్వు రావద్దు సామీ, బాగుండు. ఒగ రాజీనామా కాగితం మాత్రం ఇయ్యి" అన్నాడు. ఆ డాక్టరు మాకు కాఫీ తెప్పించి, చాలా గౌరవంగా, "చూస్తాను సార్" అన్నాడు. రైలులో మత్తు సారు హాయిగా నిద్రపోయాడు.

ఆ గడి ఖాళీ కావడానికి ఏళ్లు పట్టింది. అప్పటికి ప్రభుత్వానికే ఓపిక పోయి, స్పెషలిస్టులు దొరక్కపోతే మామూలు డాక్టర్లకే కొన్ని నెలలు మత్తు పని నేర్పి కూర్చోబెట్టమంది. మా ఆసుపత్రి నుంచి నా పేరు రాసిచ్చింది మత్తు సారే. నన్ను హిందూపురంలో తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడు. వెన్నులో సూది వెయ్యడం నేర్పాడు. దవడ పట్టడం నేర్పాడు. కన్నకొడుక్కి నేర్పినట్టు నేర్పాడని నేను ఈరోజు చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఒక రోజు ఆయన బయట ఎవరితోనో మాట్లాడుతుండగా నా చేతి కింద ఉన్నామె ఊపిరి ఆగింది. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. నాకు ఏం చెయ్యాలో తెలుసు, అన్నీ తెలుసు. వేళ్లు కదలలేదు. ఆయన లోపలికొచ్చి నన్ను భుజంతో పక్కకు నెట్టి, దవడ ఎత్తి, గాలి అందించి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి పేరు పెట్టి పిలిచాడు. ఆమె లేచింది. నేను మూలన గోడకు ఆనుకొని చూస్తున్నాను. "అయితాదిలేప్పా. నాకూ అయింది" అన్నాడు. ఎవరితోనూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన పక్కనుంటే నా చేయి బాగానే ఆడేది. ఆయన గుమ్మం దాటితే వణికేది. ఇది ఆయనకు తెలుసు. అయినా శిక్షణ ముగిసిన రోజు, "స్వతంత్రంగా మత్తు ఇవ్వగలడు" అన్న వాక్యం కింద సంతకం పెట్టాడు. పెట్టేముందు పెన్ను పట్టుకొని కాసేపు నా వేళ్ల వైపు చూశాడు. "నాల్గు దినాలు చేస్తే అదే పోతాది" అన్నాడు, నాకో ఆయనకో తెలియదు. ఎన్నేళ్లుగానో గేటు దగ్గర నిలబడిన మనిషికి చిక్కక చిక్కక ఒకడు చిక్కాడు. నేనే ఆ పోస్టులో కూర్చున్నాను. జాబితాలో మళ్లీ "భర్తీ అయినది" అని పడింది.

నాలుగు దినాలు కాదు, నాలుగు నెలలు గడిచాయి. ఆయన వచ్చిన రోజు మాత్రమే నేను మత్తు ఇచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో ఏదో ఒక సాకు దొరికేది. ఆక్సిజన్ తక్కువగా ఉంది, బీపీ ఎక్కువగా ఉంది, హిందూపురం పంపిద్దాం. ఒక మంగళవారం మధ్యాహ్నం నొప్పులతో ఒకామెను ఆటోలో తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మేడమ్ చేతులు కడుక్కొని గ్లవ్స్ వేసుకొని నా వైపు తిరిగింది. "డాక్టర్, టైము లేదు" అంది. మత్తు సారు ఆరోజు ధర్మవరంలో. బల్ల మీద ఉన్నామె నన్ను చూసి, "సార్, నిద్రబుచ్చు సార్, తాళల్యాను" అంది.

నేను హిందూపురం పంపమన్నాను.

తల్లి దారిలోనే పోయింది. బిడ్డ అప్పటికే లేదు. నేను మత్తిచ్చి ఉంటే బతికేదని ఎవరూ రాసివ్వలేరు. కానీ మేడమ్ ఆ తర్వాత నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే మత్తు సారు మా క్వార్టర్సుకు వచ్చాడు. రిటైరవడానికి ఆయనకు రెండు నెలలున్నాయి. కుర్చీలో కూర్చోలేదు. అరుగు మీదే కూర్చొని, సంచిలోంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసి మా మధ్య పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"తప్పు నాదేప్పా. నీ చెయ్యి వణుకుతాందని తెలిసీ సంతకం పెట్టినా. ఒగడన్నా దొరికినాడు గదా అని ఆశకు పోతి. ఆ తల్లీబిడ్డలు నా లెక్కలోనే పోయినారు."

"సార్, అట్ల అనొద్దు."

"ఇను. రొద్దం పిల్ల ఒగతె మత్తు చదువు ముగించుకోని వచ్చింది. నేనే పోయి మాట్లాడినా. ఆ పిల్ల చూస్తా అన్లేదప్పా. వస్తా అనింది. 'నాకు ఆ ఆసుపత్రే కావాల సార్, మా అమ్మ ఆడనే కనింది నన్ను' అనింది. బేస్తవారం అనంతపురంలో కౌన్సెలింగు. ఖాళీ ఉంటేనే అడిగేకి అయితాది. ఈ పోస్టులో నువ్వుండావు."

ఆయన తెల్లకాగితాన్ని నా వైపు జరిపాడు.

"ఒగ మాట రాసియ్యి. 'నాకు మత్తు ఇచ్చేకి చాతకాదు, నన్ను ఈ పోస్టు నుంచి తియ్యండి' అని. నేనే తీస్కపోయి చేతులు పట్టుకోని ఇస్తా. భయపడేది తప్పు గాదప్పా. భయపడేటోడు ఆడ కూసునేది తప్పు."

రాయచ్చు. ఒక్క వాక్యం. కానీ ఆ పోస్టు పోతే నన్ను ఎక్కడికో బదిలీ చేస్తారు. నా భార్యకు పక్క ఊళ్లోనే టీచరు ఉద్యోగం, పిల్లలకు బడి. ఇవి నేను ఇంట్లోవాళ్లకు చెప్పుకున్న కారణాలు. అసలు కారణం సిగ్గు. చాతకాదని కాగితం మీద రాసి, కింద నా పేరు, పేరు పక్కన నా చదువు రాసుకోవాలి. ఒక మనిషి చచ్చిపోయింది, నేనింకా నా పరువు చూసుకుంటున్నాను.

"చూస్తాను సార్" అన్నాను.

ఆయన నా మొహం వైపు చూశాడు. అన్నేళ్లుగా ఎంతమంది అన్నా అర్థంకాని మాట, నా నోట్లోంచి వచ్చినప్పుడు ఆయనకు అర్థమైంది. ముఖంలో రంగు మారడం నేను చూశాను. మా ఆవిడ కాఫీ తెచ్చింది. తాగి, గ్లాసు కడిగిచ్చి, "పోయొస్తానమ్మా" అని ఆమెకు మాత్రమే చెప్పి పోయాడు. కాగితం, పెన్ను అరుగు మీదే వదిలేశాడు.

సోమ, మంగళ, బుధ వారాలు ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది. రెండుసార్లు తీశాను. ఒకసారి తేదీ కూడా వేశాను.

గురువారం, ఆ కౌన్సెలింగు రోజు, ఏం జరిగిందో నాకు తర్వాత అనంతపురం ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. మత్తు సారు ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడ్డాడట. ఆ రొద్దం పిల్ల లోపలికి పోయి మా ఆసుపత్రి అడిగింది. ఖాళీ లేదన్నారు. బయటికొచ్చి ఆయన్ను అడిగింది. ఆయన జాబితా తానే చూస్తానని, ఎవరెంత వద్దన్నా వినకుండా లోపలికి పోయి, వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివి, మా ఆసుపత్రి దగ్గర ఆగాడట. అక్కడ నా పేరు చూశాడట. బయటికొచ్చి ఆ పిల్లతో, "పెద్ద ఊరేదన్నా తీస్కోమ్మా, నీ చదువు పాడుచేసుకోవద్దు" అన్నాడట. ఆ పిల్ల కోస్తా వైపు ఒక ఊరు తీసుకొని సంతకం పెట్టింది. రిటైరయ్యే దాకా మిగిలిన వారాలు ఆయన మా ఆసుపత్రికి వచ్చాడు, దవడ పట్టాడు, లేపాడు. నాతో ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ గురువారం నేను సెలవులో లేను. పొద్దున తొమ్మిదింటికి ఆసుపత్రికి పోయి, హాజరు పట్టీలో మత్తు వైద్యుడు అన్న గడిలో నా సంతకం పెట్టాను.